‘కిస్’ పాట అసలు ఎవరిది, అందులో బేస్ ఏమైంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. స్నేహితుడి పెళ్లి సంగీత్‌లో డీజే ‘కిస్’ అనే ఇంగ్లిష్ పాట వేశాడు. గంభీరమైన మగగొంతు, వెనక ట్రంపెట్ లాంటి బ్రాస్ వాయిద్యాలు, మంచి హుషారు. పాడింది టామ్ జోన్స్ అని తెలిసింది. ఇంటికొచ్చి వెతికితే అమెరికన్ గాయకుడు ప్రిన్స్ పాడింది ఇంకొకటి కనిపించింది. అది మీకు బోసిగా, సగంలో ఆపేసిన పాటలా అనిపించింది. ఏది ముందు వచ్చింది, ప్రిన్స్ పాట ఎందుకంత ఖాళీగా ఉంది, ఇంకా ఎవరెవరు పాడారు, మీ కాలేజీ బ్యాండ్‌లో వాయించాలంటే దేన్ని చూసి నేర్చుకోవాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పాట ప్రిన్స్‌ది. 1986 ఫిబ్రవరిలో విడుదలైంది. టామ్ జోన్స్ పాడింది 1988లో. ఇక ఖాళీ సంగతి: మీ చెవి సరిగ్గానే పట్టుకుంది. ప్రిన్స్ పాటలో బేస్ గిటార్, అంటే పాటకు కింద లోతైన స్వరాలు ఇచ్చే గిటార్, లేదు. మరిచిపోయి వదిలేసింది కాదు. అప్పటికే రికార్డు చేసిన బేస్‌ను ప్రిన్స్ కావాలని తీసేశాడు.

నేను ఇరవై ఏళ్లకు పైగా బేస్ గిటార్ వాయిస్తున్నాను. హైదరాబాద్‌లో హోటళ్లలో, పెళ్లిళ్లలో, కాలేజీ ఫెస్టుల్లో ఎన్నో బృందాలతో స్టేజీ ఎక్కాను. నా వాయిద్యమే లేని ఈ పాట గురించి ఆలోచించినంతగా ఇంకే పాట గురించీ ఆలోచించలేదు. అందుకే జవాబు కొంచెం పొడుగవుతుంది.

బేస్ తీసేయడం ఎంత పెద్ద సాహసమో తెలియాలంటే ఈ పాట శైలి అయిన ఫంక్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఫంక్‌లో పాటను నడిపేది రాగం కంటే లయ. 1960ల మధ్యలో జేమ్స్ బ్రౌన్ బృందం ప్రతి ఆవృత్తిలో మొదటి దెబ్బ మీద బరువు వేసి వాయించడం మొదలుపెట్టింది. ఆది తాళంలో మొదటి దెబ్బ పాటనంతా ఎలా పట్టి ఉంచుతుందో, ఇక్కడా అంతే. ఆ దెబ్బను నేలకు దించేది కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), బేస్ గిటార్ కలిసి. తర్వాత స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ బృందంలో లారీ గ్రాహమ్ బొటనవేలితో తీగను కొట్టి వాయించే పద్ధతి తెచ్చాడు. అక్కడి నుంచి ఫంక్ అంటే బేస్, బేస్ అంటే ఫంక్ అన్నట్టయింది. ప్రిన్స్ పెరిగింది ఆ సంగీతం వింటూనే. లారీ గ్రాహమ్ అంటే ఆయనకు ఎంత గౌరవమంటే, 1990ల చివర్లో ఆయన్ని పిలిచి తనతో కలిసి వాయింపించుకున్నాడు. ప్రిన్స్ తానే గొప్ప బేస్ ప్లేయర్ కూడా. అలాంటి మనిషి ఫంక్ పాటలోంచి బేస్ తీసేశాడు.

నిజానికి ఇది రెండోసారి. 1984లో ‘వెన్ డవ్స్ క్రై’ పాటకు కూడా బేస్ వాయించి, చివర్లో తీసేశాడు. ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో ఐదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. కాబట్టి ‘కిస్’ దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఆ ధైర్యం ఉంది. కాకపోతే ‘వెన్ డవ్స్ క్రై’లో కీబోర్డులు, గిటార్ నిండుగా ఉంటాయి. ‘కిస్’లో అవి కూడా అంతగా లేవు.

ఇప్పుడు అసలు కథ. ఇది 1985లో, హాలీవుడ్‌లోని సన్‌సెట్ సౌండ్ స్టూడియోలో జరిగింది. ప్రిన్స్ అప్పుడు ‘పరేడ్’ ఆల్బమ్ పనిలో ఉన్నాడు. ఆయన బృందం ద రివల్యూషన్‌లో బేస్ వాయించే బ్రౌన్ మార్క్, మజరాటి అనే ఇంకో ఫంక్ బృందాన్ని తయారుచేశాడు. వాళ్ల ఆల్బమ్ కూడా అక్కడే రికార్డవుతోంది. దాని బాధ్యత డేవిడ్ జీ చూస్తున్నాడు. ఈయన అసలు పేరు డేవిడ్ రివ్కిన్. రివల్యూషన్ డ్రమ్మర్ బాబీ జీకి అన్న. మజరాటి వాళ్లకు ఒక పాట కావాలంటే, ప్రిన్స్ ఒక చిన్న డెమో (నమూనా) క్యాసెట్ ఇచ్చాడు. అందులో ఉన్నది అకూస్టిక్ గిటార్ మీద పాడిన ఒక చరణం, ఒక పల్లవి, అంతే. జానపద పాటలా ఉందని డేవిడ్ జీ తర్వాత చాలాసార్లు చెప్పాడు. దాన్ని ఫంక్ బృందానికి ఎలా పనికొచ్చేలా చేయాలో మొదట ఆయనకూ తోచలేదు.

ఆ రాత్రి ఆయన చేసిన పని నాకు చాలా ఇష్టం. లిన్ డ్రమ్ మెషీన్‌లో ఒక లయ కట్టాడు. హై-హ్యాట్ (జంట సింబళ్లు) శబ్దాన్ని, దాన్ని కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించే డిలే పరికరం గుండా పంపి, దాని నడకను కొంచెం చిక్కుగా మార్చాడు. తర్వాత అకూస్టిక్ గిటార్ మీద కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) తీరిగ్గా మీటి రికార్డు చేసి, ఆ ట్రాక్‌ను నాయిస్ గేట్‌కు కలిపాడు. గేట్ అంటే తలుపు లాంటి పరికరం. తెరుచుకున్నప్పుడే శబ్దం బయటికి వస్తుంది. ఇక్కడ ఆ తలుపు తెరిచేది హై-హ్యాట్. అది మోగినప్పుడల్లా గిటార్ ఒక్క క్షణం వినిపించి ఆగిపోతుంది. అంటే మీరు ఆ పాటలో వింటున్న ఆ తునకలు తునకలుగా తెగిన గిటార్, ఏ మనిషీ చేత్తో అలా వాయించింది కాదు. లయను డ్రమ్ మెషీన్ ఇచ్చింది, స్వరాన్ని గిటార్ ఇచ్చింది. చేత్తో అనుకరించాలని నేనూ, నాతో వాయించిన గిటారిస్టులూ ఎన్నోసార్లు ప్రయత్నించాం. దగ్గరికి వెళ్లగలం గానీ అంత కచ్చితంగా రాదు.

మజరాటి గాయకులు దాని మీద పాడారు. వెనక కోరస్ వరుసలకు బ్రెండా లీ పాత పాట ‘స్వీట్ నథిన్స్’ను స్ఫూర్తిగా తీసుకున్నారు. బేస్ కూడా పెట్టారు. పాట ఓ రూపానికి వచ్చింది. అందరూ ఇళ్లకు వెళ్లారు.

మర్నాడు వచ్చి చూసేసరికి పాట వాళ్లది కాదు. ప్రిన్స్ ఆ టేపు విన్నాడు, ఇది మీకు ఇవ్వలేనంత బాగుంది, నేనే తీసుకుంటున్నాను అనేశాడు. ముఖ్య గొంతు తీసేసి తను సన్నగొంతుతో, ఫాల్సెట్టోలో, మొత్తం పాట పాడాడు. జేమ్స్ బ్రౌన్ 1965 నాటి ‘పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్’లో ఉండే గిటార్ విరుపు లాంటిది చేర్చాడు. బేస్ తీసేశాడు. అది తీసేసిన చోట కింద ఏదో ఒక బరువు కావాలి కదా. కిక్ డ్రమ్‌ను రివర్స్ రివర్బ్ (ప్రతిధ్వనిని వెనక్కి తిప్పి కలిపే ఎఫెక్ట్) గుండా పంపారు. అలా పంపితే దెబ్బకు కాస్త లావు, కాస్త తోక వస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కిక్ ఒక్కదాన్నే వినండి, ‘టప్’ అని కాకుండా ‘దుమ్’ అని ఊపిరి పీల్చినట్టు వస్తుంది. ఈ పాటలో బేస్ చేయాల్సిన పని ఆ ఒక్క శబ్దం చేస్తోంది.

మజరాటి వాళ్ల కోరస్ గొంతులు మాత్రం తుది పాటలోనూ ఉండిపోయాయి. డేవిడ్ జీకి అరేంజర్‌గా పేరు వేశారు. 1986లో మజరాటి ఆల్బమ్ కూడా వచ్చింది, ప్రిన్స్ వాళ్లకు ‘100 ఎంపీహెచ్’ అనే వేరే పాట ఇచ్చాడు. అది ‘కిస్’ దరిదాపుల్లోకి కూడా వెళ్లలేదు. పాట పుట్టించింది ప్రిన్స్ అనడంలో నాకు సందేహం లేదు. కానీ మనందరికీ గుర్తుండే ఆ లయను కట్టింది డేవిడ్ జీ, ఆ కోరస్ మజరాటిది. ఈ పాట గురించి మాట్లాడిన ప్రతిసారీ వాళ్ల పేర్లు చెప్పాలని నా పట్టుదల.

వార్నర్ బ్రదర్స్ కంపెనీ వాళ్లకు వినిపిస్తే వాళ్లు బెంబేలెత్తారు. బేస్ లేదు, గొంతుకు రివర్బ్ లేదు, ఇది డెమోలా ఉంది, దీన్ని సింగిల్‌గా, అంటే విడి పాటగా, ఎలా వదులుతాం అన్నారు. మీకు సగంలో ఆపేసిన పాటలా అనిపించిందన్నారు చూడండి, పెద్ద కంపెనీలో ఏళ్ల తరబడి హిట్లు చూసినవాళ్లకూ సరిగ్గా అదే అనిపించింది. ప్రిన్స్ వినలేదు. ఇది వదిలితేనే ఇంకో పాట అని పట్టుబట్టాడు. 1986 ఏప్రిల్‌లో ‘కిస్’ అమెరికా చార్టులో మొదటి స్థానానికి చేరి రెండు వారాలు ఉంది. అది పైకి చేరిన వారం రెండో స్థానంలో ఉన్నది ద బ్యాంగిల్స్ పాడిన ‘మానిక్ మండే’. అదీ ప్రిన్స్ రాసిందే, క్రిస్టఫర్ అనే మారుపేరుతో. అంటే ఆ వారం అమెరికాలో మొదటి రెండు పాటలూ ఒకే మనిషి చేతివే. మరుసటి ఏడాది ‘కిస్’కు ఆర్ అండ్ బీ బృంద గానం విభాగంలో గ్రామీ వచ్చింది. పాట వచ్చిన ఆల్బమ్ ‘పరేడ్’, ప్రిన్స్ తానే దర్శకత్వం వహించిన ‘అండర్ ద చెర్రీ మూన్’ సినిమాకు సౌండ్‌ట్రాక్. సినిమా ఆడలేదు, పాట నిలిచింది.

ఇక కవర్ల సంగతి, అంటే ఒకరి పాటను ఇంకొకరు మళ్లీ పాడినవి. నేను వీటిని ఒకే ఒక్క ప్రశ్నతో వింటాను: ప్రిన్స్ వదిలేసిన ఖాళీని వీళ్లు ఏం చేశారు? పాట అస్థిపంజరం చాలా పాతది. ఏ, డి, ఇ అనే మూడు కార్డుల మీద నడిచే బ్లూస్ పద్ధతి. అలాంటి నిర్మాణంలో ఎవరైనా ఏదైనా పోసుకోవచ్చు. అందుకే ఇన్ని రకాలుగా వచ్చింది.

మొదట ఉత్సాహపడింది ఇంగ్లండ్‌లోని లీడ్స్ కుర్రాళ్లు, ఏజ్ ఆఫ్ ఛాన్స్ అనే బృందం. ప్రిన్స్ పాట వచ్చిన 1986లోనే, అది ఇంకా జనం నోళ్లలో నానుతుండగానే, దాన్ని కేకలుగా, లోహపు చప్పుళ్లుగా మార్చేశారు. ప్రిన్స్ చెవిలో గుసగుసలాడిన మాటల్ని వీళ్లు మెగాఫోన్‌లో నినాదాల్లా అరిచారు. బీబీసీ రేడియోలో జాన్ పీల్ కార్యక్రమం శ్రోతలు ఆ ఏడాది ఎంచుకున్న యాభై పాటల జాబితాలో అది రెండో స్థానంలో నిలిచింది. నాకు వ్యక్తిగతంగా ఒక్కసారి వింటే చాలనిపిస్తుంది. కానీ ఖాళీని శబ్దంతో గట్టిగా నింపేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి వినాల్సిందే.

ఇప్పుడు మీరు సంగీత్‌లో విన్నది. టామ్ జోన్స్ వేల్స్ దేశస్థుడు, 1940లో పుట్టాడు. 1960లలో పెద్ద స్టార్. 1980ల నాటికి ఎక్కువగా లాస్ వేగస్ వేదికల మీద పాత పాటలు పాడుతూ గడుపుతున్నాడు. 1980ల మధ్యలో కొడుకు మార్క్ మేనేజర్‌గా వచ్చాక తండ్రిని కొత్త పాటల వైపు తిప్పాడు. టామ్ జోన్స్ తన కచేరీల్లో ‘కిస్’ పాడటం మొదలుపెట్టి, 1987లో జొనాథన్ రాస్ టీవీ షోలో కూడా పాడాడు. అది ఆర్ట్ ఆఫ్ నాయిస్ వాళ్ల చెవిన పడింది. వీళ్లు సింథసైజర్లు, శాంప్లర్లతో (రికార్డు చేసిన శబ్దాల ముక్కల్ని వాయించే యంత్రాలతో) ప్రయోగాలు చేసే లండన్ బృందం. ఇందులోని ఆన్ డడ్లీ తర్వాత ‘ద ఫుల్ మాంటీ’ సినిమా సంగీతానికి ఆస్కార్ అందుకుంది. రెండు వేర్వేరు లోకాల మనుషులు. కలిసి చేసిన పాట 1988లో వచ్చి బ్రిటన్‌లో ఐదో స్థానానికి, అమెరికాలో 31వ స్థానానికి చేరింది. ప్రిన్స్ పాట బ్రిటన్‌లో ఆరో స్థానం దాకానే వెళ్లింది. అక్కడ కవరే ఒక మెట్టు పైన నిలిచింది. పెళ్లిళ్లలో, పార్టీల్లో ఇదే ఎక్కువ మోగడానికి అదీ ఒక కారణం. మీరు దాన్నే అసలు పాట అనుకోవడంలో వింత లేదు.

వీళ్లు ఖాళీని పూర్తిగా నింపారు. బేస్ ఉంది, బ్రాస్ ఉంది, మధ్యలో ఆర్ట్ ఆఫ్ నాయిస్ తమ పాత హిట్ల ముక్కలు కూడా అతికించింది. అన్నిటికన్నా పెద్ద మార్పు గొంతు. ప్రిన్స్ సన్నగా, అడిగీ అడగనట్టు పాడతాడు. నీకు డబ్బుండాల్సిన పని లేదు, నువ్వు అందగత్తెవి కానక్కర్లేదు, నీ సమయం, ఒక ముద్దు చాలు అనే మాటలు ఆ సన్నగొంతులో బతిమాలుతున్నట్టు వినిపిస్తాయి. అవే మాటలు టామ్ జోన్స్ ఛాతీ నిండా గాలి పీల్చి, నిండు గొంతుతో అంటే, వచ్చే జవాబు ముందే తెలిసిన మనిషి మాట్లాడినట్టుంటుంది. పదాలు దాదాపు అవే, మనిషి వేరు. కవర్ అంటే ఇలా ఉండాలని నేను అనుకుంటాను. ప్రిన్స్‌ను అనుకరించి ఉంటే ఇవాళ ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆ తర్వాత సినిమాల్లోకి వెళ్లింది. 1990లో ‘ప్రెట్టీ ఉమన్’లో జూలియా రాబర్ట్స్ స్నానాల తొట్టిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లోకం మరిచిపోయి పాడేది ఈ పాటే. దాన్ని కవర్ అనలేం గానీ, ఈ పాట ఒంటరిగా పాడుకోవడానికి ఎంత హాయిగా ఉంటుందో అంతకన్నా బాగా చూపించింది ఇంకోటి లేదు. 2006లో ‘హ్యాపీ ఫీట్’ అనే పెంగ్విన్ల యానిమేషన్ సినిమాలో నికోల్ కిడ్‌మన్, హ్యూ జాక్‌మన్ దీన్ని ఎల్విస్ పాట ‘హార్ట్‌బ్రేక్ హోటల్’తో కలిపి పాడారు. మాటలు మార్చారని ప్రిన్స్ మొదట ఒప్పుకోలేదు. సినిమా చూపించాక మనసు మార్చుకోవడమే కాదు, దానికోసం ‘ద సాంగ్ ఆఫ్ ద హార్ట్’ అనే కొత్త పాట రాసిచ్చాడు. దానికి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. మరూన్ ఫైవ్ కూడా 2012లో ‘ఓవర్‌ఎక్స్‌పోజ్డ్’ డీలక్స్ ఆల్బమ్‌లో బోనస్‌గా పాడింది. అది నాకు పెద్దగా ఎక్కలేదు.

అందరూ వదిలేసేది, నేను మాత్రం తప్పక వినమనేది, రిచర్డ్ థాంప్సన్ పాడింది. ఆయన ఇంగ్లిష్ జానపద గిటారిస్టు. వెయ్యేళ్ల జనరంజక సంగీతం అనే పేరుతో మధ్యయుగాల పాటల నుంచి ఇప్పటిదాకా కచేరీ చేసి, అందులో ‘కిస్’ కూడా చేర్చాడు. చేతిలో అకూస్టిక్ గిటార్. ప్రిన్స్ క్యాసెట్ మీద పుట్టినప్పుడు పాట చేతిలో ఏముందో, అదే మళ్లీ ఉంది.

కవర్ల విషయంలో ప్రిన్స్ సంతోషంగా ఉండేవాడు కాదు. 2011లో జార్జ్ లోపెజ్ టీవీ షోలో దీని గురించి చెప్పాడు. అమెరికా చట్టం ప్రకారం ఒక పాట ఒకసారి విడుదలైతే, నిర్ణయించిన రాయల్టీ కట్టి ఎవరైనా దాన్ని మళ్లీ పాడి రికార్డు చేయొచ్చు, రాసినవాడి అనుమతి అక్కర్లేదు. ఇంకే కళలోనూ ఇలాంటి పద్ధతి లేదని, తన పాటలు తానే పాడితే జనం వేరేవాళ్ల పాటలు పాడుతున్నాననుకుంటున్నారని ఆయన బాధ. షినేడ్ ఓకానర్, చాకా ఖాన్ పాడి పేరు తెచ్చిన తన పాటల్ని ఉదాహరణగా చెప్పాడు. సినిమాకు మాత్రం విడిగా అనుమతి కావాలి, అందుకే ‘హ్యాపీ ఫీట్’ వాళ్లకు ఆయన వద్దనగలిగాడు. మీ ప్రశ్న చదివినప్పుడు నాకు ఆ మాటలే గుర్తొచ్చాయి. మన దేశంలో పద్ధతి కొంచెం వేరు. 2012లో కాపీరైట్ చట్టంలో చేర్చిన 31సి సెక్షన్ ప్రకారం మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆగాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ ముందే కట్టాలి, పాటను ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. మీ బ్యాండ్ దీన్ని రికార్డు చేసి బయట పెట్టాలనుకుంటే ఆ పని తెలిసినవాళ్లతో ఒకసారి మాట్లాడండి. కాలేజీ స్టేజీ మీద వాయించడానికి ఇదంతా తలకెత్తుకోనక్కర్లేదు, ప్రదర్శన లైసెన్స్ సంగతి నిర్వాహకులు చూసుకోవాలి.

చివరిగా మీ బ్యాండ్. మొదటిసారి ఈ పాట వాయించినప్పుడు నేను టామ్ జోన్స్ పద్ధతిలో మొదటి నుంచి చివరి దాకా బేస్ వాయించాను. మా గాయకుడిది మాత్రం ప్రిన్స్ లాంటి సన్నగొంతు. కింద నేను నింపుతున్నకొద్దీ పైన అతని గొంతు వినపడకుండా పోయింది. రెండోసారి చరణాల్లో చేతులు తీగల మీంచి తీసేశాను. అదే గాయకుడు, అదే హాలు, అతను గొణిగిన మాట కూడా చివరి వరుస దాకా వెళ్లింది. కాబట్టి ముందు మీ గాయకుడి గొంతు చూసుకోండి. నిండు గొంతైతే టామ్ జోన్స్ పాట పట్టుకుని బేస్, బ్రాస్ అన్నీ పెట్టుకోండి. సన్నగా పైకి వెళ్లగలిగే గొంతైతే ప్రిన్స్ పాటే నేర్చుకోండి. వేగం నిమిషానికి 110 దెబ్బల చుట్టూ ఉంచండి, పరుగెత్తించొద్దు. గిటారిస్టు మీటిన వెంటనే కుడి అరచేతితో తీగల్ని ఆపేయాలి, మోగనివ్వకూడదు. పల్లవి చివర ‘కిస్’ అనే ఆ ఒక్క పదం దగ్గర అందరూ ఆగిపోవాలి, గిటార్ విరుపు ఒక్కటే వినపడాలి. అక్కడ డ్రమ్మర్ ఒక్క సింబల్ కొట్టినా పాట చెడుతుంది. మీ బేసిస్టు నేను ఏం చేయాలి అని తప్పకుండా అడుగుతాడు. చరణాల్లో కిక్‌తో పాటు ఒక్కో ‘ఏ’ స్వరం, పొట్టిగా, మెల్లగా, అదీ మీ కిక్ డ్రమ్ బాగా పలచగా ఉంటేనే. లేదంటే అతనికి కోరస్ మైక్ ఇవ్వండి, మజరాటి వాళ్లు పాడిన వరుసలు పాడటానికి ఎలాగూ ఇంకో గొంతు కావాలి.